పాత ట్రేడ్ కార్డుల్లో పనిచేసే ఆడవాళ్లను ఎలా చూడాలి

విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్లేట్లు చేసిన దాన్ని కాబట్టి బొమ్మ కనిపిస్తే ముందు అచ్చు ఎలా పడిందో చూస్తాను. అలా పట్టుకున్నవే ఈ ట్రేడ్ కార్డులు. 1870ల నుంచి 1890ల దాకా అమెరికాలో దుకాణాలవాళ్లు సరుకుతో పాటు ఊరికే పంచిన చిన్న ప్రకటన బొమ్మలివి. బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ వీటిని స్కాన్ చేసి నెట్‌లో పెట్టింది. సబ్బు, కుట్టుదారం, పొయ్యి, బట్టలు పిండే మిషను, దేని కార్డు తీసినా పనిలో ఉన్న ఆడమనిషి తరచుగా కనిపిస్తుంది.

ముందు చేతులు చూడండి, ముఖం తర్వాత. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయా? వేళ్లు నీళ్లలో ఉన్నాయా, వస్తువును చూపిస్తూ గాల్లో ఉన్నాయా? తర్వాత స్క్రీన్ మీద బాగా పెద్దది చేయండి. ఇప్పటి అచ్చులో చుక్కలు వరసగా పడతాయి. ఆ రోజుల్లో రాతి మీద బొమ్మ గీసి అచ్చు తీసేవారు, దాన్నే లితో అంటారు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి, దాని మీద చుక్కలు చేత్తో పెట్టేవారు. బుగ్గ మీద గులాబీ చుక్కలు ఓపికగా, దట్టంగా పెట్టి, మోచేతిని ఒక్క గీతతో సరిపెట్టారంటే, కొనేవాళ్ల చూపు ఎక్కడ నిలవాలనుకున్నారో తెలిసిపోతుంది.

తర్వాత ఆ బొమ్మ ఎక్కడిదో వెతకండి. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వాల్టర్ బేకర్ చాక్లెట్ కంపెనీ 1883లో తీసుకున్న ట్రేడ్‌మార్కు, స్విస్ చిత్రకారుడు లియొటార్ 1740లలో పాస్టెల్‌తో, అంటే రంగు సుద్దలతో, గీసిన చిత్రం. అసలు చిత్రం ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది. పక్కకు తిరిగిన పనిమనిషి, తెల్లటి ఏప్రన్, చేతిలో ట్రే, ట్రేలో చాక్లెట్ కప్పు, నీళ్ల గ్లాసు. ఆమెను ఒక రాకుమారుడు పెళ్లాడాడన్న కథను కంపెనీ ప్రచారం చేసింది.

దీని పక్కన ఆంట్ జెమీమా పాన్‌కేక్ పిండిని పెట్టి చూడండి. ఆ పేరు 1889లో, తెల్లవాళ్లు ముఖానికి నలుపు పూసుకుని ఆడే నాటకాల నుంచి తెచ్చుకున్నది. 1893 చికాగో ప్రదర్శనలో ఆ వేషంలో నిలబడి పాన్‌కేకులు వేసినావిడ నాన్సీ గ్రీన్, కెంటకీలో బానిసగా పుట్టింది. చాక్లెట్ అమ్మాయికి కథలో వంటింట్లోంచి బయటికి దారి ఉంది. జెమీమాకు తలగుడ్డ, నవ్వు, పొయ్యి అంతే. ఏ కార్డు తీసినా, పని అయ్యాక ఈవిడ ఎక్కడికి వెళ్తుంది అని అడగండి. నాకైతే ఈ ప్రశ్న దగ్గరే కార్డు నోరు విప్పుతుంది.

వెనక వైపు తప్పకుండా చదవండి. అక్కడి మాటలు ఇంటి యజమానురాలితోనా, పనిచేసేవాళ్లతోనా? సింగర్ కుట్టుమిషన్ల కంపెనీ 1892లో వేసిన దేశదేశాల దుస్తుల కార్డుల్లో ముందు మనుషులు, మిషను, వెనక ఆ దేశం గురించి నాలుగు ముక్కలు. దుస్తులు మారతాయి, ప్రతి చోటా మిషను సింగరే.

అచ్చు వేసినవాళ్లలోనూ ఆడవాళ్లున్నారు. న్యూయార్కులో కరియర్ అండ్ ఐవ్స్ అనే అచ్చు కంపెనీ బొమ్మలకు చేత్తో రంగులద్దింది వాళ్లే. పొడవాటి బల్ల దగ్గర కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో రంగు వేసి పక్కవాళ్లకు జరిపేవారు. ఏ కార్డు మీదా వాళ్ల పేర్లు నాకు కనబడలేదు. లితో కంపెనీ పేరు, ఊరు మాత్రం చాలా కార్డుల్లో కింది అంచున చిన్న అక్షరాల్లో ఉంటాయి. సేవ్ చేసుకునేటప్పుడు ఆ అంచు కత్తిరించకండి.