ముదురు రంగుల గోడలు – 3వ పాఠం: వెలుతురు ఎక్కడ పడాలి?

పోయిన పాఠంలో చెప్పిన నమూనా అట్టలు తయారయ్యాయనే అనుకుంటున్నాను. రెండడుగుల చదరం అట్ట, దాని మీద రెండు కోట్ల రంగు, గదిలో నాలుగు గోడలకూ మార్చి మార్చి ఆనించి చూడటం. ఇంకా చేయకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు అది చేయండి. షేడ్ కార్డు మీద ఉండే అంగుళం ముక్కను చూసి ముదురు రంగు ఎంచుకోవడం కుదరదు. లేత రంగుకైతే కొంత సర్దుకుపోవచ్చు, ముదురు రంగుకు ఆ అవకాశం లేదు.

అట్టలు చేసినవాళ్ళు సాయంత్రం ఒక విషయం గమనించే ఉంటారు. పొద్దు గూకాక, ఇంకా దీపం వేయకముందు, ఇటుక ఎరుపు అట్ట దాదాపు నల్లబడిపోతుంది. దాని పక్కనే ఉన్న నెమలికంఠం రంగు అట్ట మాత్రం నీలంగానే నిలబడుతుంది. మధ్యాహ్నం ఆ రెండింట్లో ఎరుపే ముందు కంట్లో పడేది. ఇది రంగు డబ్బాలో లోపం కాదు, మన కంటి తీరు. వెలుతురు బాగా తగ్గినప్పుడు కంటిలో రంగులు పట్టే కణాలు వెనక్కి తగ్గి, మసక చీకట్లో చూసే కణాలు ముందుకొస్తాయి. వాటికి ఎరుపు దాదాపు ఆనదు, నీలం వైపు బాగా ఆనుతుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కినే సుమారు 200 ఏళ్ళ కిందటే తెల్లవారుజాము పూలలో దీన్ని గమనించి చెప్పాడు. కాబట్టి సాయంత్రాలు మసక వెలుతురులో కూర్చోవడానికే ఆ గది అయితే ఎరుపు, మెరూన్, కాఫీ రంగుల్లో మీరు అనుకున్నదానికంటే ఒక మెట్టు తేలికైన షేడ్ తీసుకోండి. నీలాలకు, సీసాపచ్చకు ఆ జాగ్రత్త అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పాఠంలోకి వద్దాం.

నేను మొదటిసారి ఒక గదికి సిరా నీలం వేసినప్పుడు రంగు మీద పెట్టిన శ్రద్ధ దీపాల మీద పెట్టలేదు. గోడలు చక్కగా కుదిరాయి. రాత్రి పాత ట్యూబ్‌లైటే వేశాను. గది బావిలా కనిపించింది. నేల మీద, బల్ల మీద తెల్లటి వెలుగు, గోడల మీద ఏమీ లేదు. ఇంకా పెద్ద బల్బు తెచ్చి బిగించాను. కళ్ళు జిగేలుమన్నాయి తప్ప గోడ మారలేదు. రంగు తప్పేమో, మళ్ళీ తెల్ల సున్నానికే పోదామా అనుకుంటూ రెండు వారాలు బాధపడ్డాను. కానీ రంగులో తప్పు లేదు. లెక్క తెలియక పడిన బాధ అది. మీరు పడకూడదని ఆ లెక్క ఇక్కడ విడమరిచి చెబుతున్నాను.

చాలా షేడ్ కార్డుల వెనక ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. గోడ మీద పడిన వెలుతురులో నూటికి ఎంత వెనక్కి వస్తుందో అది చెబుతుంది. తెల్ల రంగులకు 80 పైన, సిరా నీలం లాంటివాటికి 10 లోపు. లెక్క కోసం గదికి ఆరు వైపులా ఒకటే రంగు అనుకుందాం. 80 ఉన్న గదిలో వెలుతురు ఒక గోడకు తగిలి 80 వంతులు మిగులుతుంది, రెండో గోడకు తగిలి 64, తర్వాత 51, అలా తిరుగుతూనే ఉంటుంది. బల్బు నుంచి నేరుగా పడిన మొదటి 100తో సహా అన్నీ కూడితే గోడల మీద మొత్తం పడేది 500. అదే 10 ఉన్న గదిలో ఒకసారి తగిలితే 10, రెండోసారికి 1, అంతే. మొదటి 100తో కలిపి మొత్తం 111. తెల్ల గదిలో ఒక్క బల్బు ఐదు బల్బుల పని చేస్తుంది, ముదురు గదిలో ఒక్క బల్బు ఒక్క బల్బే. నిజం గదుల్లో కప్పు తెల్లగా ఉంటుంది, కిటికీలు, సామాను ఉంటాయి కనుక తేడా ఇంత ఉండదు, కానీ దారి ఇదే.

అంటే ముదురు గదిలో వెలుతురు తనంతట తాను పాకదు. ఎక్కడ కావాలో అక్కడ మీరే తీసుకెళ్ళి పెట్టాలి. ఇది మనసుకెక్కితే సగం పని అయినట్టే.

ఒక చిన్న ప్రయోగం చేయండి. రాత్రి పెద్ద దీపం ఆర్పేసి, టేబుల్ ల్యాంపును అట్టకు రెండడుగుల దూరంలో పెట్టండి. తర్వాత ఒక్క అడుగుకు జరపండి. దూరం సగమైతే అట్ట మీద పడే వెలుతురు దాదాపు నాలుగింతలు అవుతుంది. అంతదాకా నల్లగా ఉన్న చోట నీలం పైకి తేలుతుంది, మెల్లగా కాదు, ఒక్కసారిగా. అట్టకు ముందు తెల్ల కాగితం ఒకటి నిలబెట్టి చూడండి. అదే దీపానికి కాగితం దానంతట అదే వెలుగుతున్నట్టు ఉంటుంది. ముదురు గదుల అందమంతా ఈ రెండింట్లోనే ఉంది: గోడకు దగ్గరగా ఉన్న దీపం, గోడ ముందు ఉన్న లేత వస్తువు.

కాబట్టి కప్పు మధ్యన ఒక్క పెద్ద దీపం బదులు మూడు చిన్నవి వేయండి. ఒకటి కుర్చీ పక్కన, కూర్చున్నవారి భుజం ఎత్తులో. ఒకటి గోడకు ఆనుకుని పటం మీదో, పుస్తకాల అర మీదో పడేలా. మూడోది గదిలో అన్నిటికంటే దూరపు మూలలో, నేలకు దగ్గరగా. ఈ మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. మూల వెలిగితేనే గది ఎంత దూరం ఉందో కంటికి తెలుస్తుంది, లేకపోతే గోడలు మీదికొచ్చినట్టు ఉంటుంది. ముదురు రంగు గదిని ఇరుకు చేస్తుందనే మాట చాలావరకు ఇలా చీకటి మూలల వల్ల పుట్టిందేనని నా నమ్మకం.

బల్బు ఎంపిక కూడా చూసుకోవాలి. డబ్బా మీద కెల్విన్లు రాసి ఉంటాయి, వెలుగు పసుపు వైపా, తెలుపు వైపా అని చెప్పే అంకె అది. 2700 ఉన్న పసుపు వెలుగులో నీలం పాళ్ళు తక్కువ, అందుకే ఎరుపు, వంకాయ, కాఫీ రంగులు అందులో పండుతాయి, నీలాలు మాత్రం బూడిద వైపు తిరుగుతాయి. నీలం గోడకు 3000 నుంచి 4000 మధ్య చూసుకోండి. బల్బు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ అనే అంకె 90 పైన ఉన్నదే కొనండి, ముదురు రంగులో ఉండే లోతు తక్కువరకం బల్బు కింద కనిపించదు. అద్దం పెట్టేవాళ్ళు కిటికీకి ఎదురుగా పెట్టండి. ముదురు గోడకు ఎదురుగా పెడితే అది ఇంకో ముదురు గోడనే చూపిస్తుంది.

కప్పు సంగతి క్లుప్తంగా: పగలు వాడే గదైతే తెల్లగానే ఉంచండి. రాత్రి గదైతే గోడ రంగునే కప్పుకూ వేయవచ్చు, నాకు అదే ఇష్టం.

ఈ వారం ఇంటి పని. చీకటి పడ్డాక టార్చిలైటును గోడకు ఆనించి, వెలుగు గోడ వెంబడే పాకేలా పట్టుకుని నడవండి. పగలు నున్నగా కనిపించిన లప్పం మీద అలలు, గుంటలు, మేకు తీసిన చోట బొడిపెలు నీడలతో సహా లేచి కనిపిస్తాయి. లేత రంగు వీటిని దాస్తుంది. ముదురు రంగు, అందులోనూ మెరుపు రకం, దాచదు. పైగా ఇప్పుడు మీరు గోడల పక్కనే దీపాలు పెట్టబోతున్నారు. కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టండి. ముఖ్యంగా దీపాలు రాబోయే మూడు చోట్లా రెండుసార్లు చూడండి.

ఆ సున్నాలు చెరపకండి. వచ్చే పాఠంలో లప్పం, గరుకు కాగితం తీసుకుని అక్కడి నుంచే మొదలుపెడతాం. ముదురు రంగు కింద తెల్ల ప్రైమర్ కాకుండా బూడిద రంగు ప్రైమర్ ఎందుకు వేయాలో కూడా అప్పుడే చూద్దాం.