పిల్లల వికీ వ్యాసం చూసేటప్పుడు పెన్ను పక్కన పెట్టండి

అమలాపురంలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతాను. ప్రాజెక్టు కింద ఒక్కొక్కరి చేత తెలుగు వికీపీడియాకి ఒక వ్యాసం రాయిస్తాను. చిత్తుప్రతి ముందు వాళ్ల ప్రయోగశాల పేజీలోనే, అంటే వికీలో ఎవరికి వారు రాసి చూసుకునే పేజీలో, ఉంటుంది. మొదటి ఏడాది అన్నీ నేనే దిద్దేశాను. వ్యాసాలు బాగా వచ్చాయి కానీ పిల్లలకు పని రాలేదు. అందుకని ఇప్పుడు వాక్యం వాక్యానికీ ఒకటే అడుగుతాను: "ఇది ఎవరు చెప్పారమ్మా?"

ధవళేశ్వరం ఆనకట్ట గురించి రాసిన అమ్మాయి "అపర భగీరథుడు కాటన్ దొర డెల్టాకు ప్రాణం పోశారు" అని మొదలుపెట్టింది. ఆ నీళ్లతో పండిన అన్నం తిన్నదాన్ని, నాకూ ఆ మాట ప్రాణమే. అయినా విజ్ఞాన సర్వస్వం తన నోటితో ఎవరినీ పొగడకూడదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కట్టించారని అడిగాను. "గోదావరిపై ధవళేశ్వరం వద్ద 1847-1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో కట్టిన ఆనకట్ట" అని తిరగరాసింది. భగీరథుడు పోలేదు. 'డెల్టా ప్రజలు ఆయన్ని ఇలా పిలుస్తారు' అంటూ, ఆ మాట ఎక్కడిదో చూపే మూలంతో సహా కింది పేరాలోకి వెళ్లాడు. ఇప్పుడున్న బ్యారేజీ, ఆ పాత ఆనకట్ట ఒకటి కావని కూడా అప్పుడే తేలింది. చాలామంది అక్కడే పొరబడతారు.

ఇంకో అబ్బాయి 1986 వరదలో తమ లంక మునిగిన సంగతి రాశాడు. "మా మామ్మ చెప్పిందండి" అన్నాడు. మామ్మ మాట వికీకి మూలం కింద పనికిరాదు, అలాగని కొట్టిపారేయకండి. ఏం వెతకాలో ఆ మాటే చెబుతుంది. గ్రంథాలయంలో ఆ ఏడాది ఆగస్టు పత్రికలు తిరగేయమని పంపండి.

పాత పుస్తకాల్లో అంతర్వేది తూర్పు గోదావరి జిల్లాలో ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి అది కోనసీమ జిల్లా. మూలం ఏ ఏడాదిదో చూడడం అలవాటు చేయండి.

పేపర్లోది దించినట్టు అనిపిస్తే తిట్టకండి. పేపరు మూయించి, అందులో ఏముందో నోటితో చెప్పమనండి. చెప్పిందే రాయమనండి. అంకెలు, పేర్లు మాత్రం మళ్లీ పేపరు తెరిచి సరిచూడాలి.

ఒకసారికి మూడు సూచనలు చాలు. మొదటిది బాగున్న వాక్యం గురించి ఉండాలి, అదీ ఫలానా వాక్యం అని చూపించి. గడువుకి వారం ముందే ఇవ్వండి.

వ్యాసం అందరికీ కనబడ్డాక ఎవరైనా మార్చవచ్చని ముందే చెప్పండి. తను రాసిన పేరా తీసేశారని ఒక పిల్ల ఏడ్చేసింది. పక్కన కూర్చుని, ఆ వ్యాసం గురించి రాసేవాళ్లు మాట్లాడుకునే చర్చ పేజీలో కారణం అడిగించాను. మూలం లేదని జవాబు వచ్చింది. మర్నాడు మూలం పట్టుకొచ్చింది, పేరా మళ్లీ చేరింది.