పేలని సిమ్యులేషన్‌తోనే అసలు చిక్కు: బ్యాక్టీరియా పొర దాటే అణువు, సమస్యలు - పరిష్కారాలు

ఈ.కోలై బయటి పొరలో ఓఎంపీ-ఎఫ్ అనే పోరిన్ ఉంటుంది. మూడు గొట్టాలను పక్కపక్కన అతికించినట్టుండే ప్రోటీన్ అది. నీటిలో కరిగే చిన్న అణువులు, సుమారు 600 డాల్టన్ల లోపువి, దీనిలోంచే లోపలికి పోతాయి. 349 డాల్టన్ల యాంటీబయాటిక్ ఆంపిసిలిన్‌దీ ఇదే దారి. ఓఎంపీ-ఎఫ్ స్ఫటిక నిర్మాణం 1992లో వెలువడింది, ప్రోటీన్ డేటా బ్యాంకులో 2ఓఎంఎఫ్ పేరుతో దొరుకుతుంది. ఆ ఫైల్ దించుకుని, కంప్యూటర్ సిమ్యులేషన్‌లో పొరలో పెట్టి, నీళ్లు పోసి, ఆంపిసిలిన్‌ను పైనుంచి కిందికి నడిపించి, ఎక్కడ ఎంత శక్తి అడ్డం వస్తోందో గ్రాఫ్ గీయాలి. చెప్పడానికి ఒక్క వాక్యం, చేయడానికి ఏడాది.

గ్రోమాక్స్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రామ్, చార్మ్36 అనే ఫోర్స్‌ఫీల్డ్ (అణువుల మధ్య బలాల లెక్క) వాడేవాళ్ల కోసం రాస్తున్నాను. ఆంబర్ వాడినా, ఎన్‌ఏఎండీ వాడినా రోగాలు ఇవే, మందుల పేర్లే మారతాయి. గోల చేసి ఆగిపోయే తప్పులను ముందు పెట్టాను. కిందికి పోయేకొద్దీ తప్పులు నెమ్మదస్తులవుతాయి. చివర్లో ఉన్నవి నోరే ఎత్తవు, రన్ సాఫీగా పూర్తిచేసి చక్కటి గ్రాఫ్ చేతిలో పెడతాయి. టెన్షన్ పడాల్సింది వాటి గురించే.

రన్ మొదలైన కాసేపటికే లింక్స్ వార్నింగులు కుమ్మరించి ఆగిపోయింది

లింక్స్ అంటే బంధాల పొడవు మారకుండా పట్టి ఉంచే లెక్క. అది చేతులెత్తేస్తే మా ల్యాబ్‌లో దీన్ని "పేలింది" అనేవాళ్లం. కొత్తవాళ్లు వెంటనే టైమ్ స్టెప్ తగ్గిస్తారు. 2 ఫెమ్టోసెకన్ల నుంచి 1కి దించితే ఒక్కోసారి నడుస్తుంది కూడా. కానీ అది జ్వరానికి తడిగుడ్డ వేయడమే.

వార్నింగులో పరమాణువు నంబరు ఉంటుంది. ముందు ఆ పరమాణువు ఎవరిదో చూడండి. లిపిడ్ తోకదైతే, ఆ తోక ఏదైనా ఉంగరంలోంచి దూరిందేమో చూడాలి. సిస్టమ్ కట్టేటప్పుడు లిపిడ్లను ప్రోటీన్ చుట్టూ కుక్కుతాం కదా, అప్పుడు సూదిలో దారం ఎక్కించినట్టు ఒక తోక ఫినైల్అలనిన్ ఉంగరంలోకో, ఎల్‌పీఎస్ (బయటి పొర పైవైపుండే లిపోపాలీశాకరైడ్) చక్కెర ఉంగరంలోకో పోయి కూర్చుంటుంది. ఎంత మినిమైజ్ చేసినా, అంటే శక్తి తగ్గేలా ఎంత సర్దినా, ఆ ముడి విడదు. మినిమైజేషన్ తర్వాత బంధాల పొడవులు కొలవండి. ఎక్కడో ఒకటి అసహజంగా సాగి ఉంటే దొంగ అక్కడే ఉన్నట్టు. ఆ లిపిడ్‌ను తీసేయండి, లేదా సిస్టమ్‌ను మళ్లీ కట్టండి. సిస్టమ్ కట్టిపెట్టే చార్మ్-జీయూఐ ఈ తనిఖీ తనే చేస్తుంది గానీ, దాని రిపోర్టు చదివేవాళ్లే తక్కువ.

పరమాణువు మందుదైతే పారామీటర్లను అనుమానించాలి. ఆంపిసిలిన్‌లో నాలుగు పరమాణువుల బీటా-లాక్టమ్ ఉంగరం బాగా ఒత్తిడిలో ఉంటుంది. మందులకి పారామీటర్లు తయారుచేసే సీజెన్‌ఎఫ్ఎఫ్ ఇచ్చిన ఫైల్లో ప్రతి పారామీటర్ పక్కనా పెనాల్టీ అంకె ఉంటుంది. 10 లోపైతే ఫరవాలేదు, 10 నుంచి 50 మధ్య ఉంటే కాస్త సరిచూడాలి, 50 దాటితే క్వాంటమ్ లెక్కతో సరిచూసుకోకుండా వాడకూడదు. మందును పొర దగ్గరికి తీసుకుపోయే ముందు ఒట్టి నీళ్ల డబ్బాలో నడిపించండి. ఇంట గెలిచాకే రచ్చ.

పొర రెండు ముక్కలైంది, ప్రోటీన్‌లో సగం పైన, సగం కింద

ఏమీ కాలేదు. డబ్బా ఒక అంచు దాటిన అణువు అవతలి అంచు నుంచి లోపలికి వస్తుంది, తెరమీద అదే ముక్కల్లా కనిపిస్తోంది. ట్రాజెక్టరీని (కదలికల రికార్డును) ప్రోటీన్ మధ్యలో ఉండేలా సర్ది, అణువులను మొత్తంగా కలిపి మళ్లీ చూడండి. ఇది చూసి రన్ ఆపేసిన వాళ్లు నాకు తెలుసు. మొదటి నెలలో నేనూ ఆపేశాను.

డబ్బా వెడల్పు పెరుగుతూనే ఉంది, లేదా కుంచించుకుపోతోంది

మూడు దిక్కులా ఒకే లెక్కన ఒత్తిడి సరిచేసే పద్ధతి నీళ్ల డబ్బాకి సరిపోతుంది, పొరకి సరిపోదు. పొర తలంలో ఒకటి, దానికి లంబంగా ఇంకొకటి, ఇలా సెమీ-ఐసోట్రాపిక్ పెట్టాలి. మొదటి నుంచే పారినెల్లో-రహ్మాన్ అనే ఒత్తిడి పద్ధతి పెడితే డబ్బా ఊయల ఊగుతుంది. ముందు బెరెండ్‌సెన్‌తోనో సీ-రీస్కేల్‌తోనో కుదుటపడనిచ్చి తర్వాత మార్చుకోండి.

పొర గట్టిపడిపోయి తోకలన్నీ కవాతులో నిలబడ్డట్టు కనిపిస్తే లిపిడ్ ఎంపిక చూసుకోండి. డీపీపీఈ అనే లిపిడ్ దాదాపు 63 డిగ్రీల సెల్సియస్ దాకా జెల్‌గానే ఉంటుంది. పీఓపీఈ 25 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఈ.కోలై పెరిగేది 37 డిగ్రీల్లో, అంటే 310 కెల్విన్ దగ్గర. లోపలి పొరకి పీఓపీఈ, పీఓపీజీ 3:1 చొప్పున కలపడం వాడుకలో ఉన్న పద్ధతి.

చార్మ్36తో ఇంకో చిక్కు కటాఫ్‌ది. వాండర్‌వాల్స్ బలాన్ని 1.0 నుంచి 1.2 నానోమీటర్ల మధ్య ఫోర్స్-స్విచ్‌తో మెల్లగా సున్నాకి దించాలి, డిస్పర్షన్ కరెక్షన్ పెట్టకూడదు. వేరే ఫోర్స్‌ఫీల్డ్ సెట్టింగుల ఫైల్ తెచ్చుకుని పేరు మార్చి వాడితే రన్ ఆగదు, లిపిడ్ వైశాల్యం మాత్రం తప్పుతుంది. తప్పులు నోరు మూసుకోవడం మొదలయ్యేది ఇక్కడి నుంచే.

బయటి పొర అయితే రెండు వైపులా ఒకటి కాదు. పైవైపు ఎల్‌పీఎస్, కిందివైపు మామూలు ఫాస్ఫోలిపిడ్. ఈ.కోలై ఎల్‌పీఎస్‌కి ఆరు తోకలు. అందుకే ఒక్కోటి దాదాపు మూడు ఫాస్ఫోలిపిడ్ల జాగా తీసుకుంటుంది. రెండు వైపులా సమానంగా లెక్కపెట్టి పెడితే ఒక వైపు బిగుసుకుని ఇంకో వైపు సాగి పొర వంకర తిరుగుతుంది. ఒక్కో రకాన్ని విడివిడిగా రెండు వైపులా ఒకేలా ఉండే పొరగా నడిపించి, లిపిడ్‌కి ఎంత జాగా వస్తోందో కొలిచి, ఆ లెక్కతో కలపండి.

ఎల్‌పీఎస్ పొరలోకి నీళ్లు ఊరుతున్నాయి

ఇది నా సొంత గొడవ. మూడు వారాల రన్ బూడిదలో పోసిన పన్నీరైంది. ఎల్‌పీఎస్‌లోని లిపిడ్-ఎకి రెండు ఫాస్ఫేట్లు ఉంటాయి, లోపలి కోర్ చక్కెరల మీద ఇంకొన్ని ఉంటాయి, అన్నీ ఋణావేశాలే. అవి ఒకదాన్నొకటి తోసేసుకోకుండా మెగ్నీషియం, కాల్షియం అయాన్లు ఇటుకల మధ్య సిమెంటులా పట్టి ఉంచుతాయి. నేను సిస్టమ్‌ను న్యూట్రల్ చేయమని ప్రోగ్రామ్‌కి చెప్పి ఊరుకున్నాను. అది అలవాటు ప్రకారం సోడియం పోసింది. మొత్తం ఆవేశం సున్నా అయింది, ప్రోగ్రామ్ దృష్టిలో అంతా బాగుంది. సిమెంటు లేని గోడ మాత్రం నానడం మొదలుపెట్టింది.

నిజమైన బ్యాక్టీరియాలోనూ ఇంతే. ఈడీటీఏ వేసి ఈ అయాన్లను లాగేస్తే ఎల్‌పీఎస్ ఊడి వస్తుంది, పొర కారుతుంది. నేను తెలియకుండా కంప్యూటర్లో ఈడీటీఏ ప్రయోగం చేశానన్నమాట.

పరిష్కారం: ఎల్‌పీఎస్ ఫాస్ఫేట్ల ఆవేశాన్ని కాల్షియంతోనో మెగ్నీషియంతోనో తీర్చండి, వాటిని నీళ్లలో చల్లకుండా ఫాస్ఫేట్ల దగ్గరే పెట్టండి. సోడియం లాంటివి మిగిలిన నీటిలో ఉప్పు కోసం మాత్రమే. ఒక హెచ్చరిక: ఎల్‌పీఎస్ చాలా బద్ధకంగా కదులుతుంది. తప్పు చోట పెట్టిన అయాన్ 100 నానోసెకన్లలో తనంతట తను సర్దుకుంటుందని ఆశించవద్దు.

గొట్టం మధ్యలో ఇరుకు మూసుకుపోయింది

ఓఎంపీ-ఎఫ్‌లో ఎల్3 అనే లూప్ గొట్టం లోపలికి మడతపడి దారిని సన్నం చేస్తుంది. అక్కడ వెడల్పు సుమారు 7, 11 ఆంగ్‌స్ట్రాములు. ఆ లూప్ స్ఫటికంలో ఉన్నచోటు వదిలి దారిలోకి జారితే, దాని వెనకున్న గ్లుటమిక్ ఆమ్లం 296ను చూడండి. పీహెచ్ 7లో గ్లుటమేట్ అంటే ఋణావేశమే అని ప్రోగ్రామ్ అనుకుంటుంది. ఇది మాత్రం ప్రోటీన్‌లో పూడుకుపోయిన చోట ఉంది, ప్రోటాన్‌తోనే ఉంచాలి. ఆస్పార్టిక్ ఆమ్లం 312ని కూడా ఇలాగే సరిచూసుకోండి. ఎక్కడ ప్రోటాన్ ఉంటుందో లెక్కించే ప్రోప్కా అంచనా తీసుకుని, తర్వాత హైడ్రోజన్ బంధాలు కుదురుతున్నాయో లేదో మీ కళ్లతో చూడండి.

మందు సంగతీ ఇంతే. డేటాబేస్‌లో ఆంపిసిలిన్ బొమ్మ ఆవేశం లేకుండా గీసి ఉంటుంది. దాన్నే తెచ్చి నడిపిస్తే నీటిలో దాదాపుగా లేని అణువును నడిపించినట్టే. కార్బాక్సిల్ ప్రోటాన్ వదిలేసి ఉండాలి. అమీన్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలే పీహెచ్) 7కి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి ప్రోటాన్ ఉన్న రూపం, లేని రూపం రెండూ నడిపించడం నయం.

గ్రాఫ్ అటు చివర సున్నా, ఇటు చివర 20 కిలోజౌల్/మోల్

ఈ ఒక్క లక్షణాన్ని పట్టుకోగలిగితే సగం పని అయినట్టే. పొరకి పైన నీళ్లు, కింద నీళ్లు. వోల్టేజీ పెట్టనప్పుడు రెండు చోట్లా అణువుకి ఒకే శక్తి ఉండాలి. తేడా వస్తే ఎక్కడో లెక్క అతకలేదు. కొందరు చివర్లు కలిసేలా సరిచేసే ఆప్షన్ నొక్కేస్తారు. అది గోడలో పగులు మీద క్యాలెండర్ తగిలించడం.

మొదటి కారణం కిటికీల మధ్య సందు. అంబ్రెల్లా శాంప్లింగ్‌లో దారి పొడవునా ఒక్కో చోట అణువును స్ప్రింగుతో కట్టి విడివిడిగా నడిపిస్తాం, ఆ ఒక్కో చోటే కిటికీ. స్ప్రింగ్ బలం 1000 అనుకోండి, యూనిట్ కిలోజౌల్/మోల్/నానోమీటర్ వర్గం. 310 కెల్విన్‌లో అణువు అటూ ఇటూ ఊగేది సుమారు 0.05 నానోమీటర్లు. కిటికీలు 0.1 నానోమీటర్ దూరంలో ఉంటే హిస్టోగ్రామ్‌లు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. బలం 3000 చేసి దూరం అంతే ఉంచితే ఊగేది 0.03కి పడిపోయి సందులు వస్తాయి. హిస్టోగ్రామ్ గీయకుండా, కిటికీలన్నిటినీ కలిపి గ్రాఫ్ ఇచ్చే వామ్ ఫలితం చూడవద్దు.

రెండోది కొలిచే పద్ధతి. దూరాన్ని కొలమానంగా పెడితే అది ఎప్పుడూ ధనమే కదా. మధ్యకి వచ్చేసరికి పైన ఉందో కింద ఉందో ప్రోగ్రామ్‌కి తెలియదు. గుర్తు నిలిచేలా డైరెక్షన్ పెట్టండి. పోరిన్ విషయంలో లిపిడ్లను కాకుండా గొట్టం గోడల వెన్నెముక పరమాణువులను ఆధారంగా తీసుకోండి.

మూడోది గొట్టం దాటి నీటిలోకి వచ్చిన అణువు పక్కలకి తిరగడం. లోపల ఉన్నప్పుడు గోడలు ఆపుతాయి, బయట ఆపేవాళ్లు లేరు. పక్కలకి ఫ్లాట్-బాటమ్ కంచె కట్టి, దాని వల్ల తగ్గిన జాగాకి లెక్కలో సవరణ వేయాలి.

ఇవన్నీ సరిచేసినా తేడా మిగిలితే అది అణువు తిరిగి ఉన్న తీరు. ఇరుకు దగ్గర ఒక గోడ మీద ఆస్పార్టేట్ 113, గ్లుటమేట్ 117, ఎదురు గోడ మీద ఆర్జినిన్ 42, 82, 132 ఉంటాయి. అంటే గొట్టానికి అడ్డంగా బలమైన విద్యుత్ క్షేత్రం. ఆంపిసిలిన్ కార్బాక్సిల్ ఆర్జినిన్ల వైపు, అమీన్ ఆస్పార్టేట్, గ్లుటమేట్‌ల వైపు తిరిగితేనే దారి సులువు. మంచాన్ని ఇంట్లోకి తెచ్చేటప్పుడు పక్కకి తిప్పితేగానీ గుమ్మం దాటదు కదా. కిటికీలన్నిటినీ, అణువును గొట్టంలోంచి బలవంతంగా లాగిన ఒకే రన్ నుంచి తీసుకుంటే, లాగిన వేగంలో అణువు ఏ పక్కకి తిరిగి ఉందో ఆ పక్కే అన్ని కిటికీల్లోనూ ఇరుక్కుపోతుంది. ఇరుకులో అది తనంతట తను తిరగాలంటే కిటికీకి 50 నానోసెకన్లు ఏ మూలకీ చాలవు.

అందుకని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు లాగి, అమీన్ ముందు పెట్టి ఒకసారి, కార్బాక్సిల్ ముందు పెట్టి ఒకసారి కిటికీలు తయారుచేయండి. గ్రాఫ్‌లు కలిస్తే సరే. కలవకపోతే పక్క కిటికీలు తమ స్థితులు మార్చుకునేలా మార్పిడి పెట్టండి, లేదా తిరిగిన చోటికే మళ్లీ పోకుండా అణువును తోసే మెటాడైనమిక్స్‌లో ఎత్తుతో పాటు అణువు వాలును రెండో కొలమానం చేయండి. నా అనుభవంలో రెండో దారే త్వరగా తెములుతుంది. ఇక బూట్‌స్ట్రాప్ ఎర్రర్ బార్ సన్నగా వచ్చిందని మురిసిపోకండి. అణువు ఎన్నడూ తిరగని వైపు గురించి ఆ బార్‌కి ఏమీ తెలియదు. రన్‌ను కాలం ప్రకారం మూడు ముక్కలు చేసి మూడు గ్రాఫ్‌లు గీస్తే నిజం బయటపడుతుంది.

అంతా బాగుంది, కానీ ప్రయోగంతో పోలడం లేదు

అడ్డంకి ఎత్తులో 6 కిలోజౌల్/మోల్ తప్పు వస్తే 310 కెల్విన్‌లో వేగం పదింతలు తప్పుతుంది, 12 అయితే వందింతలు. ఫోర్స్‌ఫీల్డ్‌కి ఆ మాత్రం తప్పు మామూలే. పైగా టిప్3పీ అనే నీటి నమూనా నిజం నీటికంటే రెండింతలకు పైగా చురుగ్గా కదులుతుంది. కాబట్టి ఒక్క అంకెను పట్టుకుని వాదించకుండా, ఒకే సెటప్‌లో రెండు మూడు మందులు నడిపించి ఏది ముందు, ఏది వెనక అని చూడండి.

ఇంకా ముఖ్యంగా, దేనితో పోలుస్తున్నారో చూడండి. బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మోతాదు, అదే ఎంఐసీతో పోరిన్ గ్రాఫ్‌ను పోల్చడం ఎక్కువగా చూస్తుంటాను. కణంలోకి వచ్చిన ఆంపిసిలిన్‌ను ఏసీఆర్ఏబీ-టోల్‌సీ పంపు బయటికి తోస్తుంది, బీటా-లాక్టమేజ్ ఉంటే ముక్కలు చేస్తుంది. మీ డబ్బాలో ఆ రెండూ లేవు. ఒక్క పోరిన్‌ను కృత్రిమ పొరలో పెట్టి, అణువు దూరినప్పుడల్లా కరెంటు ఎలా తగ్గుతోందో కొలిచిన ప్రయోగాలున్నాయి, ముందు వాటితో పోల్చండి. కణంతోనే పోల్చాలంటే పంపు తీసేసిన స్ట్రెయిన్ అంకెలు వెతకండి.