ఎండాకాలం కూరగాయల విత్తనాలు ఎప్పుడు, ఎలా వేయాలి? (నల్లగొండ, పాలమూరు పెరళ్లకు)

ఒక ఏడాది మార్చి మొదట్లో టమాట నారు పోశాను. ప్యాకెట్ వెనక "ఫిబ్రవరి - మార్చి" అని ఉంది కదా అన్న ధీమా. మొక్కలు బాగానే పెరిగాయి, మే నెలలో గుత్తులుగా పూత వచ్చింది. వారం తిరగకముందే పూల కాడలు మధ్యలో పసుపు రంగుకు తిరిగాయి. పొద్దున వెళ్లి చూస్తే కుండీల చుట్టూ అవే రాలి ఉండేవి. ఒక్క కాయ నిలవలేదు. తెగులు లేదు, ఎరువు తక్కువ కాలేదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 దగ్గరే ఆగిపోతే టమాట పుప్పొడి సరిగా పనిచేయదు. కాయ కట్టదు, పూత రాలిపోతుంది. మే నెలలో మనకు 42, 43 డిగ్రీలు మామూలే.

చలి దేశాల్లో మంచు ఎప్పుడు పోతుందో చూసుకుని విత్తనం వేస్తారు. మన దగ్గర ఎండ ఎప్పుడు ముదురుతుందో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ప్యాకెట్ మీది నెలలు దేశం మొత్తానికి కలిపి వేసినవి. మన పెరటి తేదీ మనమే తేల్చుకోవాలి.

మొదటి పని: తేదీ లెక్క

టమాటతోనే చూద్దాం. నారు 25 నుంచి 30 రోజులు పెరగాలి. నాటిన తర్వాత పూతకు ఇంకో నెల. మార్చి మధ్యలో పూత నిలిచి, ఎండ ముదిరేలోపు కాయ కట్టాలంటే గింజ సంక్రాంతిలోపే మట్టిలో పడాలి. శివరాత్రి దాటిందా, ఎండాకాలం టమాట సంగతి మర్చిపోండి. మళ్లీ మృగశిర కార్తెకు, అంటే జూన్‌లో నారు పోసుకోండి.

వంగ, మిరప ఎండను కొంత ఓర్చుకుంటాయి. వంగ నారుకు 30 నుంచి 35 రోజులు, మిరపకు 40 రోజుల పైనే పడుతుంది. జనవరిలో వేస్తే మేలు, ఫిబ్రవరి మొదటి వారం దాకా పర్వాలేదు. అయితే జనవరి రాత్రులు 15 డిగ్రీలకు పడిపోతే మిరప గింజ పది, పన్నెండు రోజులు కదలదు. మొలవలేదని టెన్షన్ పడి మట్టి గెలికితే ఉన్న మొలకా విరుగుతుంది.

తీగజాతికి ఆ చలి అసలు పడదు. బీర, సొర, దోస, ముఖ్యంగా కాకర గింజలను రథసప్తమి దాకా ఆపి వేయడం నాకు అలవాటు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ రెండు పండుగల మధ్య రోజులే వీటికి సరైన అదను. బెండ, గోరుచిక్కుడు కూడా అప్పుడే. ఫిబ్రవరి దాటాక వేసిన బెండకు తెల్లదోమ ఎక్కువై, ఆకుల ఈనెలు పసుపెక్కే తెగులు త్వరగా తగులుతుంది.

ఊరును బట్టి ఒక వారం అటూ ఇటూ జరపాలి. మిర్యాలగూడ సముద్రమట్టానికి సుమారు 100 మీటర్ల ఎత్తులోనే ఉంది, అక్కడ ఎండ ముందే ముదురుతుంది. మహబూబ్‌నగర్ దాదాపు 500 మీటర్లు. అమ్రాబాద్ గుట్టల మీద రాత్రి చల్లదనం ఇంకొన్నాళ్లు ఉంటుంది. కృష్ణా నది దగ్గరి ఊళ్లవాళ్లు వారం ముందు మొదలుపెడితే, గుట్టల మీదివాళ్లు వారం ఆగొచ్చు. కాంక్రీటు డాబా మీద పెంచేవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా ముందే మొదలుపెట్టాలి. పగలంతా పీల్చిన వేడిని ఆ స్లాబు రాత్రంతా వదులుతూనే ఉంటుంది.

గింజ బతికుందా?

నారు పోసేముందు పది గింజలు తీసి తడిగుడ్డలో మొలకెత్తించి చూడండి. ఏడెనిమిది మొలిస్తే మంచి విత్తనం. నాలుగైదే మొలిస్తే రెట్టింపు వేసుకోండి. అంతకన్నా తక్కువైతే ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయడమే నయం. ఒకసారి నాకు ఒక దుకాణంలో గడువు తేదీ మీద ధర స్టిక్కర్ అంటించిన ప్యాకెట్ ఇచ్చారు. పదికి రెండే మొలిచాయి. అప్పటి నుంచి స్టిక్కర్ పీకి చూశాకే డబ్బులిస్తున్నాను. గులాబీ, నీలం రంగు పూసిన గింజలకు మందు పట్టించి ఉంటుంది. వాటిని పిల్లల చేతికి ఇవ్వొద్దు, మీరూ చేతులు కడుక్కోండి.

టమాటలో పీకేఎం-1, అర్క వికాస్, బెండలో అర్క అనామిక నాటు పద్ధతిలో గింజ దాచుకోదగ్గ రకాలు, హైబ్రిడ్‌లు కావు. మీ నేలకు ఏ రకం నప్పుతుందో కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగొచ్చు.

కాకర గింజ మొండిది, దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పైపొర గట్టిగా ఉండి నీళ్లు లోపలికి పోవు. మొనతేలిన చివర నెయిల్ కట్టర్‌తో పెంకు మాత్రమే, గోరు చివర అంత, కత్తిరించండి. లోపలి పప్పుకు తగలకూడదు. రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పొద్దున పాత నూలు గుడ్డలో మూటకట్టి, గట్టిగా పిండి, మూతపెట్టిన డబ్బాలో పొయ్యి దగ్గర వెచ్చగా ఉంచండి. రోజుకోసారి విప్పి గాలి తగలనివ్వండి. నాలుగో రోజో ఐదో రోజో మూట విప్పితే పెంకు చివర చీలి, బియ్యపు గింజంత తెల్లటి వేరు బయటికి వచ్చి ఉంటుంది. అప్పుడే మట్టిలో పెట్టాలి. ఇంకో రోజు ఆగితే వేరు గుడ్డ నూలులోకి దూరుతుంది, తీయబోతే తెగుతుంది. వేరు కిందికి ఉండేలా పడుకోబెట్టి, అర అంగుళం మట్టి కప్పండి.

బెండ, బీర, సొర గింజలకు ఒక రాత్రి నానితే చాలు. టమాట, వంగ, మిరపకు ఏమీ అక్కర్లేదు.

మట్టి, నీళ్లు

జల్లించిన చలక మట్టి ఒక వంతు, బాగా మాగిన పెంట ఎరువు ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక వంతు. ఒట్టి నల్లరేగడిలో నారు పోయొద్దు. తడిస్తే ముద్ద, ఎండితే పెంకు. సన్న మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. ఎరువు చేతిలో పట్టుకుంటే వేడిగా, వాసనగా ఉంటే ఇంకా మాగలేదని అర్థం. గంపెడు ఎరువులో రెండు చెంచాల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను ఆపే మేలురకం బూజు) పొడి కలిపి, తడి చల్లి, గోనెసంచి కప్పి వారం ఉంచితే నారుకుళ్లు చాలావరకు ఆగుతుంది. కోకోపీట్ ఇటుకను నానబెట్టి ఒకటికి రెండుసార్లు కడగండి, అందులో ఉప్పు ఉంటుంది.

ఉప్పు మాటొచ్చింది కాబట్టి నీళ్ల గురించి కూడా. మన దగ్గర చాలా బోర్ల నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. కుండీ అంచున తెల్లటి పొర కడితే అదే. పెద్ద మొక్కలు తట్టుకుంటాయి గానీ మొలకల ఆకు అంచులు మాడిపోతాయి. నారు దశలో నల్లా నీళ్లు వాడండి, రాత్రి బకెట్‌లో పట్టి పొద్దున పోస్తే సరి. ఇంట్లో ఆర్‌ఓ మిషన్ ఉన్నవాళ్లు దాని నుంచి వృథాగా పోయే నీళ్లను మొక్కలకు పడుతుంటారు. బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి చేరేది ఆ నీళ్లలోనే. బండలు కడగడానికి వాడుకోండి, నారు మీద మాత్రం వద్దు.

విత్తడం

టమాట, వంగ, మిరప గింజలు ప్రోట్రేలో (వరుసగా గుంటలుండే నారు ట్రే) గుంటకు ఒకటి, అర సెంటీమీటరు లోతు. తీగజాతికి వేళ్లు కదిపితే పడదు. వాటిని నేరుగా పాదులోనే పెట్టండి, లేదంటే మోదుగాకు డొప్పల్లో. డొప్పతో సహా పాతిపెడితే ఆకు చివికిపోయి వేరు బయటికొస్తుంది. బెండ, గోరుచిక్కుడు నేరుగా మడిలో జానెడు దూరంలో రెండేసి గింజలు, అంగుళం లోతు. తోటకూర గింజ మరీ సన్నం, నాలుగింతల ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడుతుంది. చీమలు ఎత్తుకుపోకుండా మడి చుట్టూ గుప్పెడు నూకలు చల్లండి. ఇంట్లో కోళ్లుంటే నాలుగు తుమ్మకంపలు పరవకుండా వదలొద్దు.

గింజలు వేసిన ట్రే మీద తడి గోనెసంచి కప్పి, రోజూ ఎత్తి చూడండి. మొదటి మొలక కనపడిన రోజే సంచి తీసేయాలి. సాయంత్రం తీద్దాంలే అనుకుంటే చాలు, మొలకలు పాలిపోయి సాగిపోతాయి. టమాట వారంలోపు, వంగ వారం పది రోజుల్లో, బెండ నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి.

మొలిచాక పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగలాలి. నీళ్లు పొద్దునే పోయండి. సాయంత్రం పోస్తే రాత్రంతా కాడ మొదలు తడిగా ఉండి కుళ్లుతుంది. నాటడానికి వారం ముందు నుంచి నీళ్లు తగ్గిస్తూ, ఎండ గంట గంట పెంచుతూ మొక్కను గట్టిపరచండి.

నాటడం

తప్పకుండా సాయంత్రం నాలుగున్నర తర్వాతే. నాటిన నాలుగైదు రోజులు నీడ కావాలి. గ్రీన్ నెట్ లేకపోతే పాత నూలు చీర చాలు, గాలి ఆడేలా నాలుగు కర్రలకు కట్టండి. మొదలు చుట్టూ రెండు అంగుళాల మందాన వరిగడ్డి గానీ పల్లికాయ పొట్టు గానీ పరవండి, కాడకు తగలకుండా కొంచెం ఖాళీ వదలండి. పాలమూరు వైపు పల్లికాయ కొట్టించిన చోట పొట్టు దొరుకుతుంది. తేమ ఆపడంలో గడ్డికి ఏమాత్రం తీసిపోదు.

ఈ అదను దాటిపోయి ఉగాది వచ్చేసినా మడి ఖాళీగా ఉంచొద్దు. తోటకూర, పుంటికూర, గంగవాయిలి కూర చల్లండి. గంగవాయిలికి ఎండంటే ఇష్టమే. తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తుంది, పదిహేను రోజులకో మడి చల్లుకుంటూ పోతే రోహిణి కార్తెలో కూడా పప్పులోకి కూర ఉంటుంది. పాలకూర, కొత్తిమీర మాత్రం మధ్యాహ్నం నీడ పడే గోడ పక్కనే వేయండి.