అంతర్జాతీయ కాల్స్ బిల్లు తడిసి మోపెడైందా? సమస్య - కారణం - పరిష్కారం

ఫోన్ బిల్లు మామూలు కంటే ఎన్నో రెట్లు వస్తే ఎవరికైనా టెన్షనే. వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నిలదీయాలనిపిస్తుంది. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. కాల్ వారీ వివరాలున్న బిల్లు తెప్పించుకోండి. మొత్తం ఎంతో చెప్పే ఒక్క పేజీ కాగితంతో ఏ కారణమూ తేలదు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ నంబర్‌కి, ఎంతసేపు, ఏ నెట్‌వర్క్ మీద మాట్లాడారు, ఎంత పడింది అనేవన్నీ ఒక్కో కాల్‌కి ఒక్కో వరుసలో కనిపించాలి.

ఎక్కువ ఛార్జీ పడిన వరుస దగ్గర ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ సమయంలో నా ఫోన్ ఏ దేశంలో ఉంది? ఏ నెట్‌వర్క్‌ని పట్టుకుని ఉంది? కాల్ చివరికి ఏ దేశంలో, ఎలాంటి నంబర్‌కి చేరింది? ధర తేలేది ఈ మూడిటి మీదే. అనుకోని బిల్లుల్లో చాలావరకు ఈ మూడిట్లో ఏదో ఒకటి మనం ఒకలా అనుకుంటే నెట్‌వర్క్ ఇంకోలా లెక్కగట్టడం వల్ల వచ్చినవే.

"ఇంటర్నేషనల్ ప్యాక్ వేసుకున్నాను, అయినా ఛార్జీ పడింది"

ఎక్కువమంది పడే తికమక ఇదే. సొంత దేశంలో ఉండి విదేశానికి చేసే కాల్ ఒకటి. విదేశంలో ఉండి అదే సిమ్‌తో చేసే కాల్ ఇంకొకటి. మొదటిది ఐఎస్‌డీ, రెండోది రోమింగ్. రెండింటికీ ప్యాక్‌లు వేరు. ఐఎస్‌డీ ప్యాక్ వేసుకుని విమానం ఎక్కితే దిగిన చోట అది అక్కరకు రాదు. రోమింగ్ ప్యాక్ ఇంట్లో కూర్చుని విదేశానికి చేసే కాల్‌కి పనికిరాదు.

ఈ తేడా ఎంత లోతుగా ఉందో యూరప్‌లో చూడొచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి రోమింగ్‌కి అదనపు ఛార్జీ తీసేశారు. ఫ్రాన్స్ సిమ్‌తో జర్మనీ వెళ్లి అక్కడివారికి ఫోన్ చేస్తే సాధారణ వాడకానికి ఇంట్లో చేసినట్టే లెక్క. కానీ ఫ్రాన్స్‌లోనే ఉండి జర్మనీ నంబర్‌కి చేస్తే అది రోమింగ్ కాదు, అంతర్జాతీయ కాల్. ఆ నిబంధన దానికి వర్తించదు. ఆ కాల్స్ ధర మీద పరిమితి విడిగా, 2019 మే 15న వచ్చింది. దేశం దాటితే అదనపు ఛార్జీ లేదు, దాటకపోతే ఉంది అంటే వింతగానే ఉంటుంది, కానీ నిబంధన అలాగే ఉంది.

ప్యాక్ సరైనదే అయితే దాని చిన్న అక్షరాలు చదవండి. దేశం పేరు జాబితాలో ఉన్నా ల్యాండ్‌లైన్లకే వర్తించి, మొబైల్ నంబర్లకు వర్తించని ప్యాక్‌లున్నాయి. ప్యాక్ ఏ రోజు, ఏ గంటకు మొదలవుతుందో కూడా చూడాలి. దిగీ దిగగానే, అది మొదలుకాకముందే చేసిన మొదటి కాల్ పూర్తి రేటుకి పోతుంది.

"ఫోన్ ఎత్తనే లేదు, అయినా డబ్బులు పడ్డాయి"

బిల్లులో ఇలాంటి రెండు వరుసల కోసం వెతకండి: రెండింటికీ ఒకే తేదీ, ఒకే నిమిషం, ఒకే నిడివి. మొదటి దాంట్లో మీకు ఫోన్ చేసినవారి నంబర్, ఇన్‌కమింగ్ అని ఉంటుంది. రెండో దాంట్లో మీరెప్పుడూ డయల్ చేయని మీ దేశపు నంబర్, అవుట్‌గోయింగ్ అని ఉంటుంది. ఆ రెండోది మీ వాయిస్‌మెయిల్ నంబర్, అంటే ఎత్తని కాల్స్‌కి సందేశం రికార్డు చేసుకునే సేవది. ఈ జంట కనబడిందంటే కారణం దొరికినట్టే.

జరిగేది ఇదీ. మీరు విదేశంలో ఉన్నప్పుడు ఎవరో ఫోన్ చేశారు. కాల్ ముందు మీ దేశంలోని నెట్‌వర్క్‌కి చేరి, అక్కడి నుంచి మీరున్న దేశానికి వచ్చి, మీ చేతిలో మోగింది. మీరు ఎత్తలేదు. ఎత్తకపోతే వాయిస్‌మెయిల్‌కి పంపమని సెట్టింగ్ ఉంది కాబట్టి, కాల్ మళ్లీ దేశం దాటి ఇంటి నెట్‌వర్క్‌కి వెళ్లింది. వచ్చినందుకు రోమింగ్ ఇన్‌కమింగ్ ఛార్జీ, తిరిగి వెళ్లినందుకు విదేశం నుంచి ఇంటికి చేసిన కాల్ ఛార్జీ. ఎదుటివాళ్లు ఒక్క మాట చెప్పి పెట్టేసినా రెండూ పడొచ్చు.

పరిష్కారం ప్రయాణానికి ముందే చేసుకోవాలి. చాలా నెట్‌వర్క్‌లలో *#61# డయల్ చేస్తే, ఎత్తని కాల్స్ ఎక్కడికి వెళ్తున్నాయో కనిపిస్తుంది. బిజీగా ఉన్నప్పటిది *#67#, అందుబాటులో లేనప్పటిది *#62#. ##004# కొడితే ఈ షరతులతో కూడిన ఫార్వర్డింగులన్నీ ఒకేసారి రద్దవుతాయి. అన్ని కాల్స్‌నీ మోగకుండానే మళ్లించే ఫార్వర్డింగ్ కూడా పోవాలంటే ##002#. ఈ కోడ్‌లు పనిచేయకపోతే వాయిస్‌మెయిల్ మొత్తంగా ఆపమని కస్టమర్ కేర్‌ని అడగండి. రద్దు చేసేముందు పాత నంబర్ రాసి పెట్టుకుంటే తిరిగొచ్చాక మళ్లీ పెట్టుకోవడం సులువు.

ఓటీపీల కోసం ఇంటి సిమ్ ఆన్‌లో ఉంచుకునేవారికి ఇది మరీ ముఖ్యం. రోమింగ్‌లో వచ్చే ఎస్‌ఎమ్‌ఎస్‌కి చాలా కంపెనీలు ఛార్జీ వేయవు. వచ్చే కాల్‌కి మాత్రం ప్యాక్ లేకపోతే ఎత్తినవారే కట్టాలి, అది ఎవరో ఏదో అమ్మడానికి చేసిన కాల్ అయినా సరే. కాబట్టి సిమ్ ఉంచండి, డేటా రోమింగ్, ఫార్వర్డింగ్ తీసేయండి, అవసరం లేని కాల్ ఎత్తకండి.

"మిస్డ్ కాల్ వస్తే తిరిగి చేశాను, బ్యాలెన్స్ ఊడ్చుకుపోయింది"

ఇది పొరపాటు కాదు, పక్కా మోసం. వాంగిరి అంటారు. కంప్యూటర్ వేల నంబర్లకు ఒక్క రింగ్ ఇచ్చి కట్ చేస్తుంది. ఎవరో ఏమిటోనని మీరు తిరిగి చేస్తారు. ఆ నంబర్ ఎక్కువ ధర పలికే దేశానిదో, మామూలు కంటే ఎక్కువ ఛార్జీ వేసే ప్రీమియం నంబరో అయి ఉంటుంది. మీ కాల్ అక్కడికి చేరినందుకు మీ కంపెనీ అవతలి నెట్‌వర్క్‌కి కట్టే డబ్బులో వాటా ఆ మోసగాళ్లకు చేరుతుంది. అందుకే అవతల సంగీతమో, మోగుతూనే ఉన్నట్టు రికార్డు చేసిన శబ్దమో పెట్టి వీలైనంతసేపు మిమ్మల్ని లైన్‌లో ఉంచుతారు. మనకు మోగుతున్నట్టు వినిపిస్తున్నా మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

నంబర్ మొదట్లోని అంకెలు చూడటం అలవాటు చేసుకోండి. +1 కనబడగానే అమెరికా, కెనడాయే అనుకుంటాం. అదే కోడ్‌ని చాలా కరీబియన్ దేశాలు కూడా పంచుకుంటాయి. +1 తర్వాత 876 ఉంటే జమైకా, 473 ఉంటే గ్రెనడా, 809 ఉంటే డొమినికన్ రిపబ్లిక్, 284 ఉంటే బ్రిటిష్ వర్జిన్ దీవులు. +44 కూడా అంతే. బ్రిటన్‌తో పాటు జెర్సీ, గెర్న్‌సీ, ఐల్ ఆఫ్ మ్యాన్ దీవులదీ అదే కోడ్. చాలా ప్లాన్లలో వీటి రేటు వేరు. పైగా +44 70తో మొదలయ్యేవి చూడటానికి బ్రిటన్ మొబైల్ నంబర్లలా ఉన్నా మొబైల్ నంబర్లు కావు. +870, +881 శాటిలైట్ ఫోన్లవి, +979 అంతర్జాతీయ ప్రీమియం సేవలది. +882, +883 ఏ దేశానివీ కావు. ఇవి మామూలు ప్యాక్‌లో దొరుకుతాయని ఆశపడకండి.

పరిష్కారం ఒక్కటే: తెలియని విదేశీ నంబర్‌కి తిరిగి చేయకూడదు. నిజంగా పని ఉన్నవారు మళ్లీ చేస్తారు, లేదా మెసేజ్ పెడతారు. మీరు విదేశీ కాల్సే చేయకపోతే ఐఎస్‌డీని, ప్రీమియం నంబర్లను బ్లాక్ చేయమని కంపెనీని అడగండి. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు వాడే ఫోన్లకైతే ఇది తప్పకుండా చేయించాలని నా గట్టి అభిప్రాయం.

"దేశం దాటలేదు, రోమింగ్ ఛార్జీ పడింది"

సరిహద్దు దగ్గర ఉన్నారేమో చూసుకోండి. టవర్ సిగ్నల్‌కి సరిహద్దు రేఖ తెలియదు. మీ నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ పక్క దేశపు టవర్‌ని పట్టుకుంటుంది. జెనీవాకి ఆనుకుని ఫ్రాన్స్ వైపు ఉన్నవారికి స్విట్జర్లాండ్ టవర్లు దొరకడం ఇలాంటిదే. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, యూనియన్ రోమింగ్ నిబంధనలు దానికి వర్తించవు. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ నెట్‌వర్క్ ఎంపిక తీసేసి, మీ నెట్‌వర్క్‌ని మీరే ఎంచుకోండి. ఆ ప్రాంతం దాటాక మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టడం మరచిపోవద్దు, లేకపోతే సిగ్నల్ లేదని ఇంకో సమస్య మొదలవుతుంది.

ఓడలు, విమానాల్లో సంగతి వేరు. అక్కడ దొరికే సిగ్నల్ శాటిలైట్ ద్వారా వస్తుంది, రేటు దారుణంగా ఉంటుంది, దేశాలవారీ రోమింగ్ ప్యాక్‌లు చాలావాటిలో అది ఉండదు. ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టేయండి.

"వాట్సాప్‌లోనే మాట్లాడాను కదా!"

మాట్లాడింది యాప్‌లోనే అయినా ఇంటర్నెట్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ప్రశ్న. వైఫై నుంచి అయితే ఫోన్ కంపెనీ ఛార్జీ ఏమీ ఉండదు. మొబైల్ డేటా మీద, అదీ ప్యాక్ లేని రోమింగ్‌లో అయితే డేటా ఛార్జీ పడుతుంది. మాట మాత్రమే అయితే నిమిషానికి సుమారు ఒక ఎంబీ లోపే ఖర్చవుతుంది, వీడియో పెడితే చాలా రెట్లు పెరుగుతుంది. బిల్లులో ఆ వరుస వాయిస్ కింద ఉందా, డేటా కింద ఉందా అన్నది చూస్తే విషయం తేలిపోతుంది.

వాయిస్ కింద ఉంటే యాప్ కాల్ అనుకుని మామూలు కాల్ చేశారన్నమాట. కాంటాక్ట్‌లో పేరు నొక్కితే ఫోన్ సాధారణ కాల్ కలిపేయడం మామూలే. యాప్ తెరిచి అందులోంచే చేయండి. రెండు సిమ్‌లు ఉంటే ఇంకో చిక్కు. అక్కడ కొన్న లోకల్ సిమ్‌తో చేస్తున్నాననుకుంటాం, ఫోన్ మాత్రం ఆ నంబర్‌కి గతంలో వాడిన ఇంటి సిమ్‌నే వాడేస్తుంది. కాల్స్‌కి ఏ సిమ్ వాడాలో సెట్టింగ్స్‌లో ఖరారు చేయండి.

ఐఫోన్ వాడేవారికి ఒక చిన్న మాట. కొత్త సిమ్ వేసినప్పుడు ఐమెసేజ్, ఫేస్‌టైమ్ యాక్టివేషన్ కోసం ఫోన్ తనంతట తాను ఎస్‌ఎమ్‌ఎస్ పంపుతుంది. అది విదేశీ నంబర్‌కి వెళ్లి ఛార్జీ పడే అవకాశం ఉంది. బిల్లులో మీరు పంపని విదేశీ ఎస్‌ఎమ్‌ఎస్ ఒక్కటే కనబడితే ముందు దీన్నే అనుమానించండి.

"వైఫై కాలింగ్ ఉచితం అన్నారు"

వైఫై కాలింగ్ అంటే యాప్ లేకుండా, మీ మామూలు నంబర్‌తోనే వైఫై మీద చేసే కాల్. చాలా కంపెనీలు దాన్ని మీరు సొంత దేశంలోనే ఉన్నట్టు లెక్కిస్తాయి. అంటే విదేశీ హోటల్ వైఫై నుంచి ఇంటికి చేసిన కాల్ లోకల్ కాల్. బాగుంది. కానీ అదే హోటల్ గదిలోంచి ఎదురుగా ఉన్న క్లినిక్‌కి చేస్తే, మీ దేశం నుంచి ఆ దేశానికి చేసిన ఐఎస్‌డీ కాల్! పక్క వీధికి చేసిన కాల్‌కి అంత ఛార్జీ ఏమిటని తల పట్టుకునేది ఇక్కడే.

రెండో చిక్కు, మాట్లాడుతూ గది బయటికి నడిస్తే వైఫై పోయి, కాల్ తెగకుండానే రోమింగ్ నెట్‌వర్క్‌కి మారిపోవచ్చు. అక్కడి నుంచి రోమింగ్ రేటు. ఫ్లైట్ మోడ్ పెట్టి, ఆ తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చేసి మాట్లాడితే ఈ బెడద ఉండదు. వైఫై పోతే కాల్ తెగుతుంది అంతే. మీ కంపెనీ విదేశాల నుంచి వైఫై కాలింగ్‌ని ఎలా లెక్కిస్తుందో వెళ్లేముందే అడగండి, అందరూ ఒకేలా చేయరు.

"టోల్ ఫ్రీ నంబర్‌కి చేస్తే కూడా పడింది"

ఒక దేశపు టోల్ ఫ్రీ నంబర్ ఆ దేశం లోపల నుంచి చేసినవారికే ఉచితం. బయటి నుంచి కలవకపోవచ్చు, కలిస్తే ఛార్జీ పడొచ్చు, అదీ వెయిటింగ్‌లో పాట వింటున్నంతసేపూ. బ్యాంక్ కార్డు వెనక విదేశాల నుంచి చేయడానికి విడిగా ఇచ్చిన నంబర్ ఉందేమో చూసి ముందే సేవ్ చేసుకోండి.

మాట్లాడిన నిడివి, బిల్లులో వేసిన నిడివి సరిపోవడం లేదంటే నిమిషాల చొప్పున లెక్కగట్టి ఉండొచ్చు. ఒక నిమిషం రెండు సెకన్లు రెండు నిమిషాలవుతుంది. కొన్ని ప్లాన్లలో కాల్ కలిసినందుకే విడిగా ఛార్జీ ఉంటుంది. ఇలాంటి ప్లాన్‌లో చిన్న చిన్న కాల్స్ పది చేయడం కంటే ఒకే కాల్‌లో మాట్లాడేయడం నయం.

"తిరిగొచ్చి వారాలైంది, ఇప్పుడు బిల్లు వచ్చింది"

విదేశీ నెట్‌వర్క్ మీ కాల్స్ వివరాలను మీ కంపెనీకి పంపాలి, అది వాటిని బిల్లులో కలపాలి. ఇది ఆలస్యం కావచ్చు. కాబట్టి యాప్‌లో ఈరోజు చూపించే ఖర్చే పూర్తి లెక్క అనుకోవద్దు. ఖర్చు ఇంత దాటితే ఆపేయాలని పరిమితి పెట్టే వీలుంటే పెట్టించుకోండి.

తప్పు మీది కాదని తేలితే

బిల్లు గడువు చూసుకుని రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఏ వరుస తప్పో తేదీ, సమయం, నంబర్‌తో సహా రాయండి. ఫోన్‌లోని కాల్ హిస్టరీ స్క్రీన్‌షాట్, ప్యాక్ మొదలైనట్టు వచ్చిన మెసేజ్, ప్రయాణ టికెట్ జతచేయండి. సమయాలు పోల్చేటప్పుడు జాగ్రత్త: బిల్లులో మీరున్న దేశపు సమయం ఉండొచ్చు, ఇంటి సమయం ఉండొచ్చు. కొన్ని గంటల తేడా కనబడగానే ఈ కాల్ నాది కాదని రాసేస్తే మిగతా ఫిర్యాదు కూడా చులకనైపోతుంది. ఫిర్యాదు నంబర్ తప్పకుండా తీసుకోండి. వివాదం లేని మొత్తాన్ని కట్టేసి మిగతాది ఆపే వీలుందేమో అడగండి. కంపెనీ జవాబు సరిగా లేకపోతే ఆ నంబర్ పట్టుకునే మీ దేశపు టెలికాం నియంత్రణ సంస్థకో, వినియోగదారుల ఫోరానికో వెళ్లాల్సి ఉంటుంది.