పశువైద్యం చదవాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు?

పదో తరగతి అయ్యాక కడప, ప్రొద్దుటూరు కాలేజీల చుట్టూ తిరిగేటప్పుడు చాలామందికి తేలనిది ఇదే. బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) కావాలంటే బైపీసీ తీసుకోండి. ఎంపీసీతో దారి లేదు.

ఇంగ్లీషును పక్కన పెట్టేయొద్దు. బీవీఎస్సీలో చేరడానికి జనరల్ కేటగిరీ వాళ్లకు ఇంటర్‌లో కావాల్సిన 50 శాతం లెక్కలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లీషు మార్కులూ కలుస్తాయి. మన బైపీసీ పిల్లలు తడబడేది మాత్రం ఎక్కువగా ఫిజిక్స్‌లోనే, మొదటి ఏడాది నుంచే పట్టు పట్టండి.

రెండో ఏడాదిలో నీట్ దరఖాస్తు తప్పక వేయండి, 15 శాతం ఆలిండియా సీట్లు దాని ర్యాంకుతోనే. రాష్ట్రం సీట్లకు తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ ఆ ఏడాది నోటిఫికేషనే చూడండి, పోయినేడు పద్ధతి నమ్ముకోవద్దు.

ఒక్కటి: చేరే ఏడాది డిసెంబర్ 31కి 17 నిండకపోతే ఎన్ని మార్కులొచ్చినా సీటు రాదు. తొందరగా బళ్లో వేసిన పిల్లలుంటే పుట్టినతేదీ ఇప్పుడే చూసుకోండి.