రోడ్డు ప్రమాదాలపై సభలో ప్రశ్న ఎలా వేయించాలి

హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న ఒక ఊరి కూడలిలో ప్రమాదాలు ఆగడం లేదనుకుందాం. ఆ విషయం సభలో అడిగించాలంటే ముందుగా అది ఎవరి పరిధిలోకి వస్తుందో తేల్చుకోవాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం జాతీయ రహదారులు కేంద్రానివి, పోలీసులు, శాంతిభద్రతలు, ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రానివి. కాబట్టి అండర్‌పాస్, సర్వీసు రోడ్డు గురించి ఎంపీ ద్వారా కేంద్ర రహదారుల శాఖను, అదే కూడలిలో పోలీసు గస్తీ, 108 అంబులెన్సు వచ్చే సమయం గురించి ఎమ్మెల్యే ద్వారా రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగించాలి. ఈ తేడా చూసుకోకుండా పోలీస్ స్టేషన్‌లోని ఖాళీల గురించి లోక్‌సభలో అడిగితే, అది రాష్ట్రాల అంశమన్న జవాబు వచ్చి అవకాశం వృథా అవుతుంది.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. మొదటి రకానికి మంత్రి లేచి జవాబు చెప్పాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. రెండో రకానికి రాతపూర్వక జవాబు మాత్రమే వస్తుంది. ఈ రెండోది తక్కువ రకమని చాలామంది అనుకుంటారు గాని, నేను ఒప్పుకోను. గంటసేపు సాగే ప్రశ్నోత్తరాల సమయంలో నోటి జవాబు దాకా వచ్చేవి కొన్నే. జిల్లాల వారీ లెక్కలు కావలసినవారికి కాగితం మీద వచ్చిన జవాబే ఎక్కువ పనికొస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ప్రశ్న రాయడం మీద. లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్న 150 పదాలు దాటకూడదు, అందులో వాదన, నిందారోపణ, వ్యంగ్యం ఉండకూడదు, న్యాయస్థానం ముందున్న విషయం అడగకూడదు. "రహదారి భద్రతను ప్రభుత్వం ఎందుకు గాలికొదిలేసింది?" అన్నది ఆవేదనే తప్ప ప్రశ్న కాదు. మన శాసనసభల్లో అలవాటైన "వాస్తవమేనా, అయినచో వివరములేవి?" అన్న పద్ధతిలోనూ ఒక ప్రమాదం ఉంది: మొదటి భాగానికి "కాదండి" అంటే, మిగతాదంతా "ఉత్పన్నం కాదు" అన్న మాటతో ముగిసిపోతుంది. అందుకే కాదనడానికి వీల్లేని లెక్కతోనే మొదలుపెట్టాలి. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు 5 జరిగినా, లేదా 10 మంది మరణించినా, దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తించాలని కేంద్ర రహదారుల శాఖే చెప్పింది. ఆ కొలమానాన్నే పట్టుకుని ఇలా అడగాలి: ఈ జిల్లాలో గుర్తించిన బ్లాక్ స్పాట్లు ఏవి, ఏ సంవత్సరంలో గుర్తించారు, ఒక్కోదానికి ఎంత మంజూరు చేశారు, ఎంత ఖర్చయింది, పని ఏ తేదీకి పూర్తవుతుంది?

లోక్‌సభలో నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. జవాబు చెప్పడానికి శాఖలకు వారంలో నిర్ణీత రోజులుంటాయి, వచ్చిన నోటీసుల నుంచి చీటీ పద్ధతిలో ఎంపిక జరుగుతుంది. అందువల్ల ఒక్క సభ్యుడి మీదే ఆధారపడకుండా, పక్క నియోజకవర్గాల సభ్యులకు కూడా ప్రశ్న రాసిన కాగితం అందించడం మంచిది. దానితోపాటు ఎఫ్‌ఐఆర్‌ల సంఖ్య, పంచాయతీ తీర్మానం ప్రతి జతచేస్తే, మంత్రి జవాబు తప్పించబోయినప్పుడు అనుబంధ ప్రశ్నకు సభ్యుడి చేతిలో ఆధారం ఉంటుంది.

జవాబు రాగానే అందులో "పరిశీలిస్తున్నాం", "చర్యలు తీసుకుంటాం" వంటి మాటలు ఎక్కడున్నాయో వెతకాలి. అటువంటి మాటను సభ హామీగా నమోదు చేస్తే, దాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి, హామీల కమిటీ దాని అమలును పరిశీలిస్తుంది. జవాబు అసంపూర్ణంగా ఉంటే అరగంట చర్చకు సభ్యుడు నోటీసు ఇవ్వవచ్చు. ప్రశ్న సంఖ్యనూ తేదీనూ రాసిపెట్టుకుని, వచ్చే సమావేశాల ప్రశ్నను ఆ జవాబుతోనే మొదలుపెట్టించాలి.